కారుకు పదిహేనేళ్లు నిండుతుంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: 2011లో గుంటూరులో రిజిస్టరైన పెట్రోల్ కారు మాది. ఆర్‌సీ గడువు దగ్గరపడింది. రెన్యువల్‌కు ఎప్పుడు వెళ్లాలి? తనిఖీలో ఏం చూస్తారు?

జవాబు: సొంత కారు ఆర్‌సీ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత బండి తనిఖీలో నెగ్గితే ఐదేళ్లకోసారి పొడిగిస్తారు. గడువుకు 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు చేసుకోవచ్చు. ఫీజు 5,000 రూపాయలు, 20 ఏళ్లు దాటిన కారుకైతే 10,000. ఆలస్యమైతే నెలకు 500 అదనం, ఒక్క రోజు దాటినా నెల కిందే లెక్క. గ్రీన్ ట్యాక్స్ దీనికి వేరు, అది పాత బండ్లపై రాష్ట్రం వసూలు చేసేది.

కాగితాల్లో చిక్కు తెచ్చేది పాత లోను. అప్పు తీరి ఏళ్లయినా ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉండిపోతుంది. బ్యాంకు ఎన్‌వోసీ, వాళ్లు సంతకం చేసిన ఫారం 35 రెండు కాపీలు తీసుకుని ముందే ఆ పేరు తీయించుకోండి. బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ రెండూ గడువులో ఉండాలి.

ఛాసిస్, ఇంజిన్ నంబర్లను ఆర్‌సీతో సరిపోలుస్తారు. ఛాసిస్ నంబరు తుప్పు పట్టి ఉంటే వైరు బ్రష్‌తో గీకకండి, అంకెలే అరిగిపోతాయి. డీజిల్‌లో తడిపిన గుడ్డతో నానబెట్టి మెల్లగా తుడవండి. టైర్ల గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. లైట్లు, ఇండికేటర్లు, వైపర్లు, హారన్, సీటు బెల్టులు, హ్యాండ్ బ్రేకు పనిచేయాలి. అద్దాలకు నల్ల ఫిల్ము, బంపరు ముందు ఇనుప గార్డు ఉంటే తీసేసి వెళ్లండి. గ్యాస్ కిట్టు పెట్టించినా, రంగు మార్చినా ఆర్‌సీలో నమోదై ఉండాలి.

ప్రశ్న: మా పెట్రోల్ కారు పొల్యూషన్ పరీక్షలో ఫెయిలైంది. సీవో (కార్బన్ మోనాక్సైడ్) 1.6 శాతం, హెచ్‌సీ (కాలకుండా మిగిలిన ఇంధనం) 420 పీపీఎం (పది లక్షల్లో 420 భాగాలు) అని చూపించింది. కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం) మార్చాలని మెకానిక్ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: తొందరపడకండి. ముందు ఆర్‌సీలో బీఎస్ ప్రమాణం (భారత్ స్టేజ్, బండి పొగకు ప్రభుత్వం పెట్టిన హద్దు) చూడండి. 2010 ఏప్రిల్ నుంచే హైదరాబాద్‌లో బీఎస్-4 వచ్చింది. మిగతా జిల్లాల్లో అప్పుడు బీఎస్-3 నడిచింది. అందుకే ఒకే మోడల్, ఒకే ఏడాది బండ్లకు కూడా పరిమితులు వేరుగా ఉండొచ్చు. బీఎస్-3కి సీవో 0.5 శాతం, హెచ్‌సీ 750. బీఎస్-4కు 0.3 శాతం, 200. పైగా బీఎస్-4 బండికి ఇంజిన్ నిమిషానికి 2,500 చుట్లు (ఆర్‌పీఎం) తిరిగేటప్పుడు సీవో 0.2 దాటకూడదు, ల్యాంబ్డా (గాలికి, పెట్రోల్‌కు ఉన్న పాళ్లను చూపే అంకె) 0.97, 1.03 మధ్య ఉండాలి.

మీది బీఎస్-3 అయితే హెచ్‌సీ నెగ్గినట్టే, సీవో ఒక్కటే తప్పింది. అంటే పెట్రోల్ ఎక్కువగా పోతోంది. ఎయిర్ ఫిల్టర్, ఆక్సిజన్ సెన్సర్, కూలెంట్ టెంపరేచర్ సెన్సర్, కారే ఇంజెక్టర్లు, ఈ వరుసలో చూపించండి. ఆ టెంపరేచర్ సెన్సర్ పాడైతే ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) పెట్రోల్ పెంచుతూనే ఉంటుంది. అసలు లోపం వదిలేసి కన్వర్టర్ మారిస్తే కొత్తదీ వేడెక్కి చెడిపోతుంది. హెచ్‌సీ కూడా హద్దు దాటితే ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిల్స్ చూడాలి. సీవో తక్కువుండి ల్యాంబ్డా 1.03 దాటితే సైలెన్సర్ జాయింట్లలో లీకు వెతకండి.

ఇంకో సంగతి, చల్లటి ఇంజిన్‌తో పరీక్షకు వెళ్లకండి. కన్వర్టర్ వేడెక్కితేనే పనిచేస్తుంది. ఇరవై నిమిషాలు నడిపి, ఇంజిన్ ఆపకుండానే వరుసలో నిలబెట్టండి. బండి తీసుకెళ్లకుండా సర్టిఫికెట్ ఇస్తామనే చోటు జోలికే పోవద్దు. ఇంజిన్‌లో లోపాన్ని పట్టించే ఆ అంకెలు మీకెప్పటికీ తెలియవు, పొగ మాత్రం మీ వీధిలోనే ఉంటుంది.

ప్రశ్న: పొల్యూషన్ పరీక్షలో డీజిల్ కారుకు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పరీక్షిస్తారు. ఇంజిన్‌కు ప్రమాదమా?

జవాబు: బాగున్న ఇంజిన్‌కు కాదు. టైమింగ్ బెల్టు మార్చాల్సిన కిలోమీటర్లు దాటిపోయి ఉంటే మాత్రం ఆ వేగంలో తెగే ప్రమాదం ఉంది, తెగితే కొన్ని ఇంజిన్లలో వాల్వులు వంగిపోతాయి. బెల్టు, ఆయిల్ మట్టం చూపించుకున్నాకే వెళ్లండి. పొగ చిక్కదనాన్ని చూపే అంకెకు పరిమితి బీఎస్-3 వరకు 2.45, బీఎస్-4కు 1.62, బీఎస్-6కు 0.7. పొగ ఎక్కువైతే ఎయిర్ ఫిల్టర్, టర్బో గొట్టాల్లో చీలికలు, ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) చూపించి, చివరికి ఇంజెక్టర్ల జోలికి వెళ్లండి. ఖర్చంతా వాటి దగ్గరే.