చైనా మూలికా మాత్రలను షుగరు మందులతో కలిపి వేయవచ్చా?

మీ నాన్నగారు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారనీ, బంధువులు చైనా నుంచి తెచ్చిన ‘షియావ్‌ఖ’ మాత్రలను కూడా వేయవచ్చా అనీ అడిగారు. వేయవద్దు. అవి కేవలం మూలికలు కావు. పది మాత్రలకు 2.5 మిల్లీగ్రాముల చొప్పున వాటిలో గ్లైబెన్‌క్లమైడ్ అనే అల్లోపతి మందు ఉంటుంది. ఇది చాటుగా జరిగే కల్తీ కాదు, అక్కడి ప్రభుత్వం అనుమతించిన తయారీయే. పూటకు ఐదు నుంచి పది మాత్రలు, రోజుకు రెండు మూడు సార్లు అన్నది దాని మోతాదు కనుక, పూర్తిగా వేసుకుంటే రోజుకు 7.5 మిల్లీగ్రాములు కడుపులోకి వెళ్తుంది. గ్లిమెపిరైడ్ కూడా అదే జాతి మందు. రెండూ క్లోమం చేత ఇన్సులిన్‌ను విడుదల చేయించేవే కాబట్టి, కలిపి వాడితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

నేను వ్యాపారరీత్యా చైనాలోని గ్వాంగ్‌జౌలో ఉన్న రోజుల్లో, నాకున్న టైప్ 2 మధుమేహానికి అక్కడి సంప్రదాయ వైద్య ఆసుపత్రి ఒకదానిలో చూపించుకున్నాను. వైద్యురాలు నాలుక చూసి, రెండు మణికట్ల దగ్గరా నాడి పట్టి, దాహం, ఆకలి, మూత్రం గురించి విడివిడిగా అడిగారు. వారి శాస్త్రంలో ఈ మూడు లక్షణాలూ వరుసగా ఊపిరితిత్తులకు, జీర్ణాశయానికి, మూత్రపిండాలకు చెందినవి. ఆ వెంటనే హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్ష)కు కూడా పంపారు. మెట్‌ఫార్మిన్ ఆపమనలేదు, దానికి తోడుగా కషాయం రాశారు. చైనా వైద్యమంటే అల్లోపతిని మానివేయడమని మన వాళ్ళు ఎందుకు అనుకుంటారో నాకు తెలియదు.

కషాయాన్ని ఆసుపత్రి వారే కాచి, పూటకొకటి చొప్పున ప్యాకెట్లలో పోసి ఇచ్చేవారు. అందులోని హువాంగ్‌లియన్ వేరు చేదు ముందు వేపాకు రసం పాయసమే. నా చక్కెర తగ్గిన మాట నిజం. అయితే అదే కాలంలో రాత్రి అన్నం మానేసి నడక మొదలుపెట్టాను కనుక, ఆ ఘనతను కషాయానికి కట్టబెట్టలేను.

హువాంగ్‌లియన్‌ను మాత్రం తేలికగా తీసివేయకూడదు. అందులోని బెర్బెరిన్ అనే పదార్థాన్ని చైనాలో చాలాకాలంగా విరేచనాలకు వాడుతున్నారు. 2008లో ప్రచురితమైన షాంఘై అధ్యయనంలో, కొత్తగా మధుమేహం బయటపడిన 36 మందిలో కొందరికి మెట్‌ఫార్మిన్, కొందరికి బెర్బెరిన్ 500 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు మూడు నెలలు ఇచ్చారు. బెర్బెరిన్ వాడినవారి హెచ్‌బీఏ1సీ 9.5 నుంచి 7.5 శాతానికి తగ్గింది, ఇది మెట్‌ఫార్మిన్‌తో పోల్చదగిన ఫలితమే. కానీ 36 మంది చాలా చిన్న సంఖ్య. పైగా బెర్బెరిన్ కొన్ని ఇతర మందులు శరీరంలో విచ్ఛిన్నమయ్యే వేగాన్ని తగ్గిస్తుంది. మన మానుపసుపులో ఉన్నదీ ఈ పదార్థమే కాబట్టి, ఆయుర్వేద దుకాణంలో కొనేవారికీ ఈ జాగ్రత్త వర్తిస్తుంది.

అసలైన షియావ్‌ఖ సీసాల సంగతి అలా ఉండగా, నకిలీ మందుల బెడద వేరు. 2009 జనవరిలో చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతపు కష్గర్‌లో నకిలీ షుగరు క్యాప్సూల్స్ వాడి కొందరు మరణించారు. వాటిలో మోతాదుకు మించి బయటపడింది గ్లైబెన్‌క్లమైడే.

మీ నాన్నగారు ఇప్పటికే ఆ మాత్రలు మొదలుపెట్టి ఉంటే, వాటిని ఆపించి, సీసాను వైద్యునికి చూపించండి. పాత మందులను సొంతంగా మార్చవద్దు. చెమటలు, వణుకు, మాటల్లో తడబాటు కనిపిస్తే వెంటనే గ్లూకోజ్ ఇచ్చి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. గ్లైబెన్‌క్లమైడ్ ప్రభావం చాలా గంటలు నిలుస్తుంది కనుక, ఒకసారి తేరుకున్నా చక్కెర మళ్ళీ పడిపోవచ్చు. అందుకే ఇంట్లోనే ఉంచుకోకుండా ఆసుపత్రిలో పరిశీలనలో ఉంచాలి.