క్రికెట్ అర్థం కావాలంటే ఒక్క పూట అంపైరింగ్ చేయండి

"నాకు పెళ్ళి కుదిరింది. అబ్బాయి వాళ్ళింట్లో అందరికీ క్రికెట్ పిచ్చి. నాకు ఓవర్ అంటే ఏమిటో కూడా తెలియదు. ఆట ఎలా ఆడతారో మొదటి నుంచి ఎవరైనా చెప్తారా?" అని ఒకమ్మాయి అడిగింది. ఇప్పటిదాకా జవాబు రాసినవాళ్ళంతా మగవాళ్ళే. ఒకాయన ఇంగ్లండులో గొర్రెల కాపరుల దగ్గర మొదలుపెట్టారు. ఇంకొకాయన ఏకంగా ఎల్బీడబ్ల్యూతో మొదలుపెట్టారు. అమ్మాయ్, అవన్నీ ముందు పక్కన పెట్టు.

నా పెళ్ళయిన కొత్తలో మావారు కూడా ఆ ఎల్బీడబ్ల్యూతోనే మొదలుపెట్టారు. అన్నం వార్చడం రానివాడికి ఆవకాయ కలపడం నేర్పినట్టు. టీవీ ముందు కూర్చోబెట్టి, బంతి ఎక్కడ పడింది, ప్యాడుకి ఎక్కడ తగిలింది, ప్యాడు లేకపోతే ఎక్కడికి పోయేది అని మూడు వేళ్ళు మడిచి చెప్పారు. "అసలు వికెట్ అంటే ఆ కర్రలా, ఔటయిన మనిషా?" అని అడిగాను. "రెండూ" అన్నారు. "మరి మధ్యలో ఆ గడ్డి లేని నేల?" "దాన్నీ వికెట్టే అంటారు." ఆ రోజే నాకు ఈ ఆట మీద నమ్మకం పోయింది.

2001 మార్చిలో కలకత్తా టెస్టు. మన లక్ష్మణ్ 281 కొట్టిన మ్యాచ్. మావారు ఒంట్లో బాగాలేదని ఆఫీసుకి సెలవు చెప్పి పొద్దున్నుంచి సాయంత్రం దాకా టీవీ ముందే ఉన్నారు. లక్ష్మణ్, ద్రావిడ్ ఇద్దరే రోజంతా ఆడారు, ఒక్క వికెట్టూ పడలేదు. సాయంత్రం కాఫీ ఇస్తూ "ఇవాళ ఏం జరిగింది?" అని అడిగితే కళ్ళు మెరిపిస్తూ "ఏమీ జరగలేదు, అదే కదా గొప్ప!" అన్నారు. ఇలాంటి వాళ్ళ దగ్గర ఏం నేర్చుకుంటాం చెప్పు?

నాకు ఆట వచ్చింది ఆయన వల్ల కాదు, టీవీ వల్ల అసలే కాదు. ఒక దసరా సెలవుల్లో అంపైరుగా నిలబడితే వచ్చింది.

హైదరాబాదు హబ్సిగూడలో మా అపార్ట్‌మెంటుకి రెండు బ్లాకులు. వాటి మధ్య సిమెంటు దారే పిల్లల మైదానం. అంతకుముందు పక్కన ఖాళీ స్థలం ఉండేది, అక్కడిప్పుడు ఐదంతస్తుల బిల్డింగు. మా సెక్రటరీ గారు దారి మొదట్లో "ఇక్కడ క్రికెట్ ఆడరాదు" అని బోర్డు పెట్టించారు. ఆయనకి మనుషుల కంటే కార్ల అద్దాల మీద ప్రేమ ఎక్కువ. పిల్లలు ఆ బోర్డునే బౌండరీ చేసుకున్నారు.

ఆ రోజు ఏ బ్లాకుకీ బీ బ్లాకుకీ ఎనిమిది ఓవర్ల మ్యాచ్. పందెం మిర్చి బజ్జీలు. అంపైర్ ఎవరన్న దగ్గర గొడవ తెగలేదు. ఏ తండ్రిని నిలబెట్టినా కొడుకు వైపే చెప్తాడని రెండో వైపు వాళ్ళు ఒప్పుకోరు. నేను బట్టలు ఆరేస్తున్నాను. బీ బ్లాకు కుర్రాడొకడు నన్ను చూసి "ఆంటీని పెడదాం. ఆటే రాదు కాబట్టి మోసం కూడా రాదు" అన్నాడు. మావాడు అవతలి జట్టులో ఉన్నా ఎవరూ అడ్డు చెప్పలేదు. నా అజ్ఞానానికి అంత విలువ ఉందని అప్పుడే తెలిసింది.

ఓవర్ అంటే ఆరు బంతులు, లెక్క తప్పకూడదు అన్నారు. వంటింట్లోంచి ఆరు చింతగింజలు తెచ్చి ఎడమ గుప్పిట్లో పెట్టుకున్నాను. బంతికో గింజ కుడి చేతిలోకి. బంతి మరీ పక్కకి పోతే వైడు, అవతలి జట్టుకి ఒక పరుగు ఊరికే వస్తుంది, ఆ బంతి మళ్ళీ వేయాలి. అంటే గింజ కదపకూడదు. బౌలరు గీత దాటి వేస్తే నోబాల్, దానికీ అంతే. చూశావా, ఓవరు, వైడు, నోబాలు మూడూ ఆరు గింజల్లో తేలిపోయాయి. గీతలు సుద్దముక్కతో గీస్తే నిలవడం లేదని ముగ్గుపిండితో నేనే వేశాను. ఆ సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకో.

ఇక అసలు ఆట. అందరూ పరుగులు, ఫోర్లు, సిక్సులతో మొదలుపెడతారు, అది తప్పు. చిన్నప్పుడు మనం చెడుగుడు ఎలా నేర్చుకున్నాం? కూత ఆగితే ఔట్. చిర్రగోనెలో చిర్రని గాల్లో పట్టుకుంటే ఔట్. ఏ ఆటయినా ఎప్పుడు ఔటవుతామో తెలిస్తే చాలు, మిగతాది దానంతటదే తెలుస్తుంది. క్రికెట్టూ అంతే. రెండు వైపులా మూడేసి కర్రలు, మధ్య 22 గజాలు. మా దారిలో ఒక వైపు ప్లాస్టిక్ కుర్చీ, ఇంకో వైపు ఇటుకలు. బ్యాటు పట్టుకున్నవాడు తన వెనకున్న కర్రలని కాపాడుకోవాలి. బంతి వాటికి తగిలి పైనున్న చిన్న పుల్లలు పడితే బౌల్డ్. కొట్టిన బంతి నేల తాకకముందే పట్టేసుకుంటే క్యాచ్. మా పిల్లలకైతే ఒక టప్పా పడ్డాక ఒంటి చేత్తో పట్టినా ఔటే, అది టీవీలో చెల్లదు.

కొట్టాక రెండు వైపులా ఉన్న ఇద్దరు బ్యాటర్లూ అటు వాడు ఇటు, ఇటు వాడు అటు పరుగెత్తితే ఒక పరుగు. బంతి నేల మీద దొర్లుతూ బౌండరీ దాటితే పరుగెత్తకుండానే 4, నేల తగలకుండా దాటితే 6. పరుగెత్తేటప్పుడు కర్రల ముందున్న గీత అందుకునేలోపు ఆ వైపు కర్రలకి బంతి కొడితే రనౌట్. పరుగు కోసం కాకుండా, బంతి కొడదామని గీత దాటి ముందుకొచ్చి తప్పిపోయినవాణ్ణి వెనకున్న కీపరు కర్రలు పడగొట్టి ఔట్ చేస్తే స్టంపింగ్. ఎల్బీడబ్ల్యూ అంటే, కర్రలకి తగలాల్సిన బంతికి కాలు అడ్డం పెట్టడం. అందులో మెలికలు బోలెడు, పెళ్ళయ్యాక మీ ఆయన చెప్తాడులే, నువ్వు వద్దన్నా చెప్తాడు. ఔట్లు ఇంకా ఉన్నాయి కానీ అరుదుగానే కనబడతాయి. 2023 వరల్డ్ కప్పులో శ్రీలంక మాథ్యూస్ టైముకి ఆడటానికి సిద్ధం కాలేదని ఔటిచ్చారు, అంతర్జాతీయ మ్యాచుల్లో అదే మొదటిసారి.

జట్టుకి పదకొండు మంది. పదిమంది ఔటయితే చాలు, ఇన్నింగ్స్, అంటే ఆ జట్టు బ్యాటింగ్ వంతు, అయిపోయినట్టే, ఎందుకంటే మిగిలినవాడికి అవతలి వైపు తోడుండరు. ఒక జట్టు ఇన్ని పరుగులు చేసింది, రెండోది ఇంకొకటి ఎక్కువ చేయాలి. టీ20లో 20 ఓవర్లు, వన్డేలో 50, టెస్టులో ఐదు రోజులు, ఒక్కో జట్టుకి రెండేసి ఇన్నింగ్స్. ఇంతే. దీనికి కామెంటరీ బాక్సులో అంతమంది కూర్చుని అంతసేపు ఏం మాట్లాడతారో నాకిప్పటికీ అర్థం కాదు. పోనీ ఓవరుకీ ఓవరుకీ మధ్య ఊపిరి పీల్చుకుందామా అంటే అప్పుడు ప్రకటనలు.

దసరా మ్యాచుకొస్తాను. చివరి బంతి. నా ఎడమ గుప్పిట్లో ఒకే గింజ. మావాడి జట్టు గెలవాలంటే రెండు పరుగులు. మావాడికి జోడీగా ఆడుతున్నవాడు గేటు వైపు కొట్టాడు. ఆ గేటు దగ్గర బీ బ్లాకులో ఉన్న ఒకే ఒక ఆడపిల్లని నిలబెట్టారు, బంతి మురిక్కాలవలో పడితే తీయడానికి. అందరికంటే సూటిగా బంతి వేసేది ఆ పిల్లే, కానీ ఒక్క ఓవరైనా ఇవ్వలేదు. మిథాలీ రాజ్ పెరిగిన ఊరమ్మా ఇది. 2002లో ఇంగ్లండు మీద ఒక్క టెస్టు ఇన్నింగ్స్‌లో 214 కొట్టిన మనిషి తిరిగిన ఊళ్ళో ఆడపిల్లకి మురిక్కాలవ కాపలా.

మొదటి పరుగు వచ్చేసింది, స్కోరు సమం. రెండో దానికి పరుగెత్తారు. మావాడు నా వైపు వస్తున్నాడు. బీ బ్లాకు వాళ్ళంతా "అటు కాదు, ఇటు వెయ్యి, ఇటు!" అని కీపరు వైపు చూపిస్తూ అరుస్తున్నారు. ఆ పిల్ల ఎవరి మాటా వినలేదు. నా పక్కనున్న కుర్చీకే విసిరింది. టప్పుమని తగిలింది. అదే క్షణంలో మావాడు ఒళ్ళంతా చాచి బ్యాటు ముందుకు పెట్టి, కుర్చీ చప్పుడికి అక్కడే ఆగిపోయాడు. బ్యాటు గీత దాటి ఉంది, నిజమే, కానీ గాల్లో. గీత దాటాక బ్యాటు నేలకి ఆనాలి. నేను వంగి చూశాను. నా ముగ్గు చెక్కు చెదరలేదు. అవతల పిండి మీద గీరు కూడా లేదు.

ఔటని వేలెత్తేశాను. మావాడు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. "అమ్మా! దాటానమ్మా!" అన్నాడు. "దాటితే ముగ్గు చెరగాలి కదరా" అన్నాను. బీ బ్లాకు పిల్లలైతే ఆ పిల్లని తిట్టడంలో మునిగిపోయి ఉన్నారు, నా వేలు చూసి ఒక్క క్షణం అర్థం కాక, తర్వాత ఎగిరి గంతేశారు. మ్యాచ్ టై. పందెం ఎవరూ ఓడలేదు కాబట్టి బజ్జీలు నా మెడకి చుట్టుకున్నాయి. కిలో మిర్చి. మావాడు ఆ రాత్రి ఒక్క బజ్జీ ముట్టలేదు, పొద్దున్నే చల్లారినవి నాలుగు తిన్నాడు.

2019లో లార్డ్స్‌లో వరల్డ్ కప్ ఫైనల్ కూడా అచ్చం ఇలాగే, చివరి బంతికి రెండో పరుగు తీయబోయి రనౌట్, టై. సూపర్ ఓవర్, అంటే ఒక్కో జట్టుకి ఇంకో ఓవర్, ఆడిస్తే అందులోనూ చివరి బంతికి రెండో పరుగు దగ్గరే రనౌట్, మళ్ళీ టై. ఫోర్లూ సిక్సులూ కలిపి ఇంగ్లండు బౌండరీలు 26, న్యూజీలాండువి 17 అని లెక్కపెట్టి కప్పు ఇంగ్లండుకిచ్చేశారు. ఆ పద్ధతి తర్వాత తీసేశారు లెండి. మావారు నెత్తి కొట్టుకుంటుంటే, అంతకంటే మా బజ్జీల పద్ధతే మేలని నేనన్నాను.

నేను ఆట చూడటం నేర్చుకున్నానని మావారు ఒప్పుకున్నది 2024 జనవరిలో. ఉప్పల్లో ఇంగ్లండుతో టెస్టు, నాలుగో రోజు ఆదివారం. మావాడు బెంగళూరు నుంచి వచ్చాడు, ముగ్గురం వెళ్ళాం. మొదటి ఇన్నింగ్స్‌లో 190 పరుగులు ఎక్కువ చేసి కూడా ఓటమి అంచుకి వచ్చారు మనవాళ్ళు. చివరి జోడీ బుమ్రా, మన సిరాజ్. ఒక్కో బంతికీ స్టేడియం అంతా అరుపులు. ఇంతలో సిరాజ్ ముందుకొచ్చి ఇంగ్లండు బౌలరు హార్ట్‌లీ బంతిని కొట్టబోయి తప్పాడు. నేను బంతిని చూడటం లేదు, అలవాటుగా గీతనే చూస్తున్నాను. "అయిపోయింది, స్టంపింగ్" అన్నాను. మావారు "ఏదీ, ఎక్కడ?" అంటూ ఇంకా పెద్ద తెర వైపు చూస్తున్నారు. 28 పరుగులతో ఓడిపోయాం.

బయటికొస్తుంటే మావాడు నెమ్మదిగా అన్నాడు: "అమ్మా, నీకొకటి తెలుసా? ఫీల్డింగ్ వాళ్ళు 'హౌజాట్', అంటే ఔటేనా అని అడక్కపోతే అంపైర్ ఔటివ్వకూడదు. రూలే అది. ఆ రోజు దసరా మ్యాచులో బీ బ్లాకు వాళ్ళు ఎవరూ అడగలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, నువ్వు అడక్కుండానే ఔటిచ్చావు."

ఒక్క క్షణం నాకు మాట రాలేదు. నిజమే, వాళ్ళు అడగలేదు. "మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదురా?" అన్నాను.

"చెప్పి ఏం లాభం? తర్వాతి బంతి వేసేలోపే అడగాలి కదా" అన్నాడు.