డిప్రెషన్ మందు మొదలై పన్నెండు రోజులు, మార్పేమీ లేదు. ఇంట్లో ఆపేయమంటున్నారు, ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: తమ్ముడికి 23 ఏళ్లు. సైకియాట్రిస్టు డిప్రెషన్‌కి ఎస్సిటాలోప్రామ్ 10 మి.గ్రా., రాత్రికి క్లోనజిపామ్ 0.25 మి.గ్రా. రాశారు. పన్నెండు రోజులైనా దిగులు అలాగే ఉంది, పైగా కడుపులో తిప్పుతోందంటున్నాడు. అమ్మానాన్నలేమో "అవి మత్తు బిళ్లలు, అలవాటైపోతాయి, ఆపేయండి" అంటున్నారు.

మీ అంతట మీరు ఆపకండి. ఎస్సిటాలోప్రామ్ పనిచేసేదీ లేనిదీ పన్నెండో రోజున తేలదు. దీనితో ఉన్న చిక్కే అది: ఇబ్బందులు ముందొస్తాయి, గుణం తర్వాత కనిపిస్తుంది. వికారం, తలనొప్పి, విరేచనాలు, లోపల ఒకటే కంగారు మొదటి వారం రెండు వారాల్లో ఉండి, చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. ఏదైనా తిన్నాక వేసుకుంటే కడుపులో తిప్పడం కొంత నయం. మందు వల్ల నిద్ర చెడుతోందనిపిస్తే పొద్దుటి పూటకి మార్చవచ్చా అని డాక్టర్ని అడగండి. కాస్త తేడా తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి ప్రభావానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. వైద్యం చాలా ఇళ్లలో ఈ మధ్యలోనే ఆగిపోతుంది.

చాలామందిలో ముందు దారికొచ్చేవి నిద్ర, ఆకలి. మనసు తేలికపడేది ఆఖర్న. అందుకే రోజూ "ఎలా ఉందిరా?" అని అడిగితే "అలాగే ఉంది" అంటాడు. అబద్ధం కాదు, అతనికి అలాగే ఉంది. అడగడం తగ్గించి కంచం చూడండి. నాలుగు ముద్దలు కెలికి లేచిపోయేవాడు మజ్జిగన్నం దాకా వచ్చాడా? తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చునేవాడు ఐదింటి దాకా పడుకున్నాడా? అవి నోట్‌బుక్‌లో రాసుకోండి. రెండు వారాలకోసారి దిగులు ఎంతుందో కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నాపత్రం అతనితోనే నింపించండి. తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు, ఎక్కువొస్తే దిగులు ఎక్కువున్నట్టు. మొదట వచ్చిన మార్కులు సగానికి తగ్గితే మందు పనిచేస్తున్నట్టే లెక్క. ఓపీలో డాక్టర్ ఇవ్వగలిగేది పది నిమిషాలే, "బాగానే ఉన్నాడండీ" అనే మాటకన్నా ఆ కాగితం ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఇక అలవాటు సంగతి. అమ్మానాన్నల భయం పూర్తిగా తప్పు కాదు, కాకపోతే బిళ్ల తారుమారైంది. ఎస్సిటాలోప్రామ్ మత్తు మందు కాదు, దాని కోసం ప్రాణం లాగదు. ఉన్నట్టుండి మానేస్తే మాత్రం తల తిరగడం, తలలో కరెంటు షాకు కొట్టినట్టుండడం, చిరాకు వస్తాయి. అందుకే ఆపేటప్పుడు మెల్లగా తగ్గిస్తారు. అలవాటయ్యే గుణం ఉన్నది క్లోనజిపామ్‌కి. మొదట్లో కంగారు, నిద్రలేమి తట్టుకోవడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకే రాస్తారు. ఈసారి వెళ్లినప్పుడు "ఇది ఎప్పటి నుంచి తగ్గిస్తారు?" అని మీరే అడగండి. పాత చీటీ చూపించి మందుల షాపులో స్ట్రిప్పులు కొనుక్కుంటూ పోవద్దు. అలాగని వారాల తరబడి వేసుకున్నాక ఒక్కసారిగా ఆపనూ వద్దు.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడ. 25 ఏళ్లలోపు వాళ్లలో మొదటి వారాల్లోనూ, డోసు మార్చినప్పుడూ కొందరికి అలజడి, చనిపోవాలన్న ఆలోచన పెరగవచ్చు. ఒకచోట కూర్చోలేక తిరగడం, విపరీతమైన విసుగు కనిపిస్తే రివ్యూ తేదీ దాకా ఆగకుండా అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేయండి. డొంకతిరుగుడు లేకుండా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే "ఎలా అని ఏమైనా అనుకున్నావా?" అనీ అడగాలి. ఏదైనా అనుకున్నానంటే ఒంటరిగా వదలకండి, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి, లేదా 108కి ఫోన్ చేయండి. అతను ఏ జవాబిచ్చినా సరే, ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే ఇవాళే వేరే చోటికి చేర్చండి. స్ట్రిప్పులన్నీ అమ్మ బీరువాలో పెట్టి, ఏ రోజు బిళ్ల ఆ రోజు ఇవ్వండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఇంట్లోవాళ్లూ చేయవచ్చు. పోలీసు కేసవుతుందని దాచిపెట్టే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు.

డాక్టర్‌కి చెప్పకుండా మిగిలిపోయినవి కొన్ని ఉంటాయి. గతంలో ఎప్పుడైనా కొన్ని రోజులపాటు నిద్ర లేకపోయినా హుషారుగా, అతిగా మాట్లాడుతూ, డబ్బు తెగ ఖర్చుపెట్టాడా? రక్తసంబంధీకుల్లో అలాంటివాళ్లున్నారా? అది బైపోలార్ (అతి హుషారు, దిగులు మార్చి మార్చి వచ్చే జబ్బు) అయితే ఈ ఒక్క మందే ఇవ్వడం ఎదురు తిరగవచ్చు. మద్యం తాగే అలవాటు, నొప్పికి ట్రమడాల్, డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు వేసుకోవడం కూడా చెప్పాలి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 పరీక్షలు ఇంతవరకు చేయించకపోతే అడగండి.

ఇంట్లో పనులు పంచుకోండి, అందరూ కలిసి సలహాలివ్వడం కన్నా అది మేలు. బిళ్ల, భోజనం అమ్మ చూసుకుంటారు. నాన్నగారిని ఈసారి ఓపీకి తప్పకుండా తీసుకెళ్లండి. మీరు ఇంట్లో ఎంత చెప్పినా విననివి, డాక్టర్ నోట రెండు ముక్కల్లో వింటారు. స్నేహితుల్లో నసపెట్టనివాణ్ని ఒకణ్ని చూసి, సాయంత్రం వచ్చి పదిహేను నిమిషాలు నడవడానికి తీసుకెళ్లమనండి, మాట్లాడకపోయినా ఫరవాలేదు. హుషారొచ్చాక నడుద్దామంటే కుదరదు, ఈ జబ్బులో పని ముందు, హుషారు తర్వాత. పొద్దున పదిలోపు స్నానం, ఒక నడక, మొదటి వారానికి అంతే చాలు. "గట్టిగా అనుకోవాలిరా", "నీకేం తక్కువ?" అనే మాటలు మానేయాలి. తిరుపతి వెళ్లాలని అతనికుంటే వెళ్లండి, బిళ్లలు బ్యాగులో ఉండాలి. పెళ్లి చేస్తే సర్దుకుంటుందనే పెద్దవాళ్ల మాట మాత్రం అసలు చెవిన పెట్టకండి. బంధువులకు "ఒంట్లో బాలేదు, చూపిస్తున్నాం" అంటే చాలు.

మాటలతో చేసే థెరపీ వేరే, దానికి క్లినికల్ సైకాలజిస్టు కావాలి. ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా, తెలుగులో చేస్తారా, ఫీజెంత అని ముందే అడగండి. ఒక్కో సెషన్ 45 నుంచి 50 నిమిషాలు, మొదట్లో వారానికొకటి. రెండు సెషన్లకే తేల్చేయకండి. అయితే నాలుగైదు తర్వాత కూడా అతను అక్కడ నోరు విప్పలేకపోతుంటే మనిషిని మార్చడంలో తప్పు లేదు. డబ్బు ఇబ్బందైతే హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖలోనూ ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి, జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కోండి. ఆరోగ్య బీమా మానసిక జబ్బులకూ వర్తించాలని అదే 2017 చట్టం చెబుతోంది, కాకపోతే చాలా పాలసీలు ఓపీ ఖర్చు ఇవ్వవు.

నాలుగు నుంచి ఆరు వారాలకి కూడా అసలు కదలిక లేకపోతే డాక్టర్ డోసు పెంచుతారు, లేదా మందు మారుస్తారు. మొదటి మందే అందరికీ సరిపడదు. పూర్తిగా కోలుకున్నాక కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడమంటారు. "బాగున్నాడుగా, ఇంకెందుకు?" అనే మాట ఇంట్లో రెండోసారి లేచేది అప్పుడే, అందుకని ఈ లెక్క నాన్నగారికి డాక్టర్ చేత ఇప్పుడే చెప్పించి పెట్టుకోండి.