ఏఐ ఇచ్చిన ప్లాన్ పనికొస్తుందో లేదో ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: ఆఫీసును కొత్త భవనంలోకి మార్చాలి. ఒక చాట్‌బాట్‌ను అడిగితే దశలవారీగా చక్కటి ప్లాన్ రాసిచ్చింది. పని మొదలుపెట్టాక చూస్తే, మూడో దశలో విప్పేయమన్న సర్వర్‌నే ఐదో దశలో వాడమంది. అసలు వీటికి ప్లానింగ్ వచ్చా?

జవాబు: మీకు ఎదురైన తప్పు చాట్‌బాట్ల వెనక పనిచేసే భాషా మోడళ్లలో తరచూ కనిపించేదే. ప్లాన్‌లో ప్రతి పనికీ ముందు కొన్ని షరతులు తీరి ఉండాలి. పని అయ్యాక పరిస్థితి మారుతుంది, ఆ మార్పును చివరిదాకా గుర్తుంచుకోవాలి. భాషా మోడల్ మాత్రం ఇలాంటి ప్లాన్లు సాధారణంగా ఎలా ఉంటాయో చూసి నేర్చుకుంది. అందుకే వాక్యాలన్నీ సవ్యంగా ఉంటాయి, లెక్క మధ్యలో తప్పుతుంది.

దీన్ని కొలవడానికి అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ సుబ్బారావు కంభంపాటి బృందం ప్లాన్‌బెంచ్ అనే పరీక్ష తయారు చేసింది. అందులో ముఖ్యమైనది దిమ్మెల సమస్య. టేబుల్ మీద కొన్ని దిమ్మెలుంటాయి. ఒకసారికి ఒక్కటే ఎత్తాలి, దాని మీద ఇంకోటి ఉండకూడదు. చెప్పిన వరుసలో పేర్చాలి. ఇంత చిన్న లెక్కలో ఓపెన్‌ఏఐ వాళ్ల జీపీటీ-4 మోడల్ సరిగ్గా చేసినవి సుమారు మూడో వంతే.

ఆ తర్వాత వాళ్లు చేసిన పని నాకు చాలా నచ్చింది. నియమాలు ఒక్కటీ మార్చకుండా పేర్లు మాత్రం మార్చారు. ‘ఎత్తు’, ‘పెట్టు’ లాంటి మాటల స్థానంలో ‘దాడి చెయ్యి’ లాంటి సంబంధం లేని మాటలు పెట్టారు. జీపీటీ-4 స్కోరు 5 శాతం లోపుకి పడిపోయింది. పాత తరహా ప్లానింగ్ ప్రోగ్రాములకు పేర్లతో పనే లేదు, రెండు రకాల సమస్యలనూ ఒకేలా చేస్తాయి. మోడల్ ఆలోచించి చేసిందా, చదివినదాన్ని తిప్పి చెప్పిందా అని తేల్చడానికి ఇంతకంటే సూటి పరీక్ష నేను చూడలేదు.

2024లో వచ్చిన ఓపెన్‌ఏఐ మోడల్ ఓ1-ప్రివ్యూ మామూలు దిమ్మెల సమస్యల్లో 97.8 శాతం తెచ్చుకుంది, పేర్లు మార్చినవాటిలో 52.8 శాతం. పెద్ద ముందడుగే. కానీ 20 నుంచి 40 దశలు పట్టే సమస్యలిస్తే నాలుగో వంతు కూడా దాటలేదు. ఇంకో సంగతి నన్ను ఎక్కువ కలవరపెట్టింది. అసలు పరిష్కారమే లేని సమస్యలిచ్చినప్పుడు ‘ఇది కుదరదు’ అని ఇదే మోడల్ సరిగ్గా చెప్పింది 27 శాతమే. సగానికి పైగా సందర్భాల్లో ఏదో ఒక ప్లాన్ రాసిచ్చేసింది. నిజమైన పనిలో ఆ ‘కుదరదు’ అనే మాటే మనకు కావాలి. తర్వాతి మోడళ్లు ఇంకా మెరుగయ్యాయి, అయినా మీ పనికి మీరు పరీక్షించుకోవాల్సిందే.

అందుకు మీ సమస్యనే మూడు రకాలుగా ఇవ్వండి: ఉన్నది ఉన్నట్టు ఒకసారి, వస్తువుల పేర్లు మార్చి ఇంకోసారి, ఎలా చేసినా కుదరని షరతు ఒకటి చేర్చి మరోసారి. వచ్చిన ప్లాన్‌లో ఒక్కో అడుగు పక్కన ‘దీనికి ముందు ఏం సిద్ధంగా ఉండాలి, దీని తర్వాత ఏం మారుతుంది’ అని రాసుకుంటూ పోండి. మీ సర్వర్ గొడవ ఐదో దశ దగ్గర కాగితం మీదే దొరికేది.

ప్రశ్న: ఆ తనిఖీ కూడా చాట్‌బాట్‌తోనే చేయిస్తే సరిపోదా?

జవాబు: సరిపోదు. 2023లో ఇదే బృందం జీపీటీ-4 ప్లాన్లను జీపీటీ-4తోనే దిద్దించింది. 100 సమస్యల్లో 55 సరిగ్గా వచ్చాయి. దిద్దే పనిని ప్లాన్లను యాంత్రికంగా సరిచూసే వాల్ అనే ప్రోగ్రాముకిస్తే 88 వచ్చాయి. తప్పు ప్లాన్లలో చాలావాటిని మోడల్ సరైనవేనని చెప్పేసింది మరి.

షిఫ్టులు, టైమ్‌టేబుళ్లు లాంటివైతే నేరుగా జవాబు అడక్కండి. మీ షరతులను ఓఆర్-టూల్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌కు అర్థమయ్యే కోడ్‌గా రాసిమ్మని చాట్‌బాట్‌ను అడగండి. షరతులన్నీ అందులో వచ్చాయో లేదో మీరు చూసుకుని, జవాబు వెతికే పని ఆ సాఫ్ట్‌వేర్‌కు వదిలేయండి. షరతులు ఒకదానికొకటి పొసగకపోతే, పరిష్కారం లేదని అది తేల్చి చెబుతుంది.