సేల్స్ కోసం పరిచయం లేనివాళ్లకి మెయిల్ పంపేటప్పుడు మొదటి లైన్ ఏం రాయాలి?

"మీరు బాగున్నారని ఆశిస్తున్నాను" అనో "మాది ఫలానా కంపెనీ" అనో మొదలుపెట్టకండి. ఫోన్‌లో జీమెయిల్ తెరిస్తే సబ్జెక్ట్ కింద కనిపించేది మీ మొదటి కొన్ని పదాలే, మెయిల్ తెరవాలో తీసేయాలో చాలామంది వాటిని చూసే తేల్చేస్తారు.

అందుకే అవతలివాళ్ల పనితోనే మొదలుపెట్టండి. మీరు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నారనుకుందాం. టర్నోవర్ 10 కోట్లు, ఆపైన ఉన్న వ్యాపారాలు ఈ-ఇన్వాయిస్‌ను (జీఎస్టీ కోసం ఆన్‌లైన్‌లో నమోదు చేసే బిల్లు) 30 రోజుల్లోపు ప్రభుత్వ పోర్టల్‌లో ఎక్కించాలన్న రూల్ 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది కదా, దాన్ని పట్టుకుని ఇలా రాయొచ్చు: "జీడిమెట్లలో రెండో యూనిట్ తెరిచారని మీ సైట్‌లో చూశాను, రెండు చోట్లా బిల్లులు వేస్తుంటే 30 రోజుల గడువు దాటకుండా ఎవరు చూసుకుంటున్నారండీ?" ఇందులో మీ ప్రోడక్ట్ ఊసే లేదు, అయినా అకౌంట్స్ చూసే మనిషి ఒక్క క్షణం ఆగుతాడు.

"మీ వెబ్‌సైట్ అద్భుతం" లాంటి పొగడ్తలు మాత్రం వద్దు, అవి అందరికీ పంపేవేనని ఇట్టే తెలిసిపోతుంది. కంపెనీ పేరు మార్చి ఇంకొకరికి పంపినా అతికినట్టు సరిపోతోందంటే ఆ లైన్ కొట్టేసి మళ్లీ రాయండి. అన్నట్టు, పాత సంభాషణ ఉన్నట్టు సబ్జెక్ట్‌లో ఉత్తుత్తి "రీ:" పెట్టే ట్రిక్ జోలికి అస్సలు పోకండి.