పొలం తాకట్టు పెట్టకముందే ఇది చదువు అల్లుడూ

ఒరే అల్లుడూ, సినిమా తీస్తానంటే నేను కాదనేవాణ్ణి కాదు, నా బతుకంతా తెలుగు పిక్చర్లకీ ఒడియా పిక్చర్లకీ ప్రొడక్షన్ మేనేజర్ గానే గడిచింది కదా, నేనెలా కాదంటాను. కానీ గుణుపురం పొలం తాకట్టు పెడతావని మా అప్ప, అదే మీ అమ్మ, ఫోన్ చేసి ఏడ్చిందే, అక్కడ మాత్రం ఒళ్ళు మండింది.

డైరెక్టరూ నేనే ప్రొడ్యూసరూ నేనే అంటన్నావు. బానే ఉంది గానీ నువ్వు పంపిన నాలుగు వాయిస్ మెసేజుల్లో లెన్సులు, కెమెరా, డ్రోన్ తప్ప ఇంకోటి లేదు, ప్రొడ్యూసర్ నోరే విప్పలేదు. మన కాపీరైట్ చట్టం (1957ది) ప్రకారం సినిమాకి కర్త ప్రొడ్యూసరే, డైరెక్టర్ కాదు. అంటే డబ్బులు పెట్టే ఎవడికో ప్రొడ్యూసర్ సీటు ఇచ్చేసావనుకో, నువ్వు ఎండలో మాడి తీసిన పిక్చర్ మీద నీకు మిగిలేది టైటిల్స్ లో పేరే. అందుకే సొంతంగా తీద్దామనుకోవడం కరెక్టే, కాకపోతే పోయినా ఇల్లు నిలబడేంత ఖర్చులోనే తియ్యి.

కథ మీ ఫ్రెండ్ ది అన్నావు. కాగితం రాసుకున్నారా? ఫ్రెండే కదా మావయ్యా అనకు. హక్కులు రాతపూర్వకంగానే ఇవ్వాలి, ఎన్నేళ్ళకో రాయకపోతే చట్టం ఐదేళ్ళే అనుకుంటది, ఏ దేశాలకో రాయకపోతే ఇండియా వరకే. రేపు నీ సినిమా ఆరో ఏడు ఏదో ఓటీటీ వాడు అడిగితే మళ్ళీ ఆ ఫ్రెండ్ గుమ్మం ముందు నిలబడాలి, అప్పటికి వాడికి పెళ్ళై ఇద్దరు పిల్లలుంటారు, రేటు మారిపోద్ది. మ్యూజిక్ చేసేవాడితో కూడా అంతే. సీన్ వెనకాల టీకొట్టు రేడియోలో పాత పాట మోగితే కూడా దానికి హక్కులు కొనాలి, కాబట్టి షాట్ కి ముందే ఆ రేడియో ఆపించెయ్.

డబ్బుల సంగతి. కొత్తవాళ్ళు ఎక్కువమంది షూటింగులోనే మొత్తం ఊడ్చేస్తారు, తర్వాత డబ్బింగ్, మిక్సింగ్, డీఐ (రంగులు సరిచెయ్యడం), డీసీపీ (థియేటర్ కిచ్చే డిజిటల్ కాపీ), సెన్సార్ ఫీజు అన్నీ వరసగా వచ్చి కూర్చుంటాయి, అక్కడ పిక్చర్ ఆగిపోద్ది. ఉన్నదాంట్లో సగం వేరే అకౌంట్లో పడేసి ఆ పాస్‌బుక్ అప్పకిచ్చెయ్, నీకన్నా అది గట్టిది. కేరళలో డైరెక్టర్ జాన్ అబ్రహం (హిందీ హీరో కాదు), వాళ్ళ ఒడెస్సా గ్రూపూ ఊరూరా తిరిగి జనం దగ్గర చందాలెత్తి 1986లో అమ్మ అరియాన్ అనే పిక్చర్ తీశారు, అలా జనాన్ని అడగడంలో నామోషీ ఏం లేదు, కాకపోతే పైసా పైసా లెక్క రాసి చూపించాలి. ఆర్టిస్టులుగా ఊళ్ళోవాళ్ళనే పెడతానన్నావు, మంచిదే, కానీ వాళ్ళు పనులు మానుకుని వస్తారు, బత్తా ఏ రోజుకారోజు సాయంత్రం చేతిలో పెట్టు, టిఫిన్ లేటయితే ఏ యూనిటూ మాట వినదు.

మన ముసలమ్మలు అడ్డచుట్ట కాలుస్తా కూర్చుంటే ఫ్రేమ్ అదిరిపోద్ది, నాకూ తెలుసు. కానీ ఆ షాట్ ఉన్నంతసేపూ కింద పొగాకు వార్నింగ్ పడాలి, మొదట్లో, ఇంటర్వెల్ తర్వాతా పొగాకు వద్దనే యాడ్లు వెయ్యాలి. ఎడ్లబండి పెట్టావా, కోడిపుంజు పెట్టావా, యానిమల్ వెల్ఫేర్ బోర్డు కాగితం లేకపోతే సెన్సార్ దగ్గర ఇరుక్కుంటావు, అది షూటింగ్ అయ్యాక గుర్తొస్తే మరి ఏడుపే.

రాత్రి ఇళ్ళల్లో తీస్తావు కదా, మన కరెంటు 50 హెర్ట్జ్, నువ్వు 24 ఫ్రేముల్లో తీస్తే షటర్ 1/50 దగ్గర పెట్టు, లేకపోతే ట్యూబ్‌లైట్లు వణుకుతా కనపడతాయి. చీప్ ఎల్ఈడీ బల్బులైతే అప్పుడు కూడా వణకొచ్చు, ముందు రోజే ఒక టెస్ట్ షాట్ తీసి పెద్ద స్క్రీన్ మీద చూసుకో. సౌండ్ కోసం ఫ్యాన్, ఫ్రిజ్ ఆపించు. ప్రతి గదిలో ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఉత్త సౌండ్ రికార్డ్ చెయ్యి, ఎడిటర్ నీకు దణ్ణం పెడతాడు.

ఇంకోటి, నీ పాత్రలు ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడతాయి, మన రాయగడ జిల్లాలో అదే నిజం, బాగుంటది. కానీ సెన్సార్ సర్టిఫికెట్ మీద ఏ భాష సినిమా అని వేయిస్తావో ముందే తేల్చుకో. నేషనల్ అవార్డుల్లో తెలుగుకి వేరే, ఒడియాకి వేరే. సెన్సార్ ఆఫీసు కటక్ లోనూ ఉంది, హైదరాబాద్ లోనూ ఉంది. ఒడిశా ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ వాళ్ళని లొకేషన్ పర్మిషన్లూ సబ్సిడీ రూల్సూ అడుగు, సబ్సిడీ వస్తదని మాత్రం బడ్జెట్ లో రాసుకోకు, వస్తే వచ్చినట్టు.

ఫుటేజ్ మూడు కాపీలు, అందులో ఒకటి వేరే ఊళ్ళో, నా దగ్గరైనా పెట్టు. నీరద్ మహాపాత్ర తీసిన మాయా మిరిగ 1984లో ఫ్రాన్స్ లో కాన్ ఫెస్టివల్ క్రిటిక్స్ వీక్ దాకా వెళ్ళిన ఒడియా సినిమా, దాని నెగెటివ్ పాడైపోయి పడుంటే ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్ళు బాగుచేశారు గనక 2024లో ఇటలీలోని బొలోన్యాలో మళ్ళీ తెర మీద పడింది. అంత పేరున్న పిక్చర్ కే ఆ గతి పడితే నీ హార్డ్‌డిస్క్ ఎంత చెప్పు. ఎడిటింగ్ వాళ్ళకి ఒరిజినల్ డిస్క్ ఇవ్వకు, బాకీ ఉందని పట్టుకు కూర్చునేవాళ్ళని నేను చూశాను.

నవంబర్లో గోవాలో ఇఫ్ఫీ (మన దేశపు అంతర్జాతీయ ఫిల్మ్ ఫెస్టివల్) పక్కనే ఫిల్మ్ బజార్ అని సినిమాల సంత జరుగుద్ది, ఇప్పుడు దాన్ని వేవ్స్ ఫిల్మ్ బజార్ అంటన్నారు, ఇంకా పూర్తికాని పిక్చర్లు చూపించుకోడానికి కూడా అక్కడ దారుంది, రఫ్ కట్ (మొదటి ఎడిటింగ్) అయ్యాక దాని సంగతి చూద్దాం.

ఇప్పుడైతే ఈ వారంలో ఆ ఫ్రెండ్ తో కథ కాగితం రాయించి ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి, అది వచ్చాకే కెమెరా గురించి మాట్లాడతాను.

మీ బరంపురం మావయ్య