ఒంటరి గదిలో పెడితే భద్రమా?

ప్రశ్న: కేసుల్లో చిక్కిన మైనర్లను ఉంచే అబ్జర్వేషన్ హోంలో రాత్రి డ్యూటీ కేర్‌టేకర్‌ని. కొత్తగా వచ్చిన పదహారేళ్ల కుర్రాడు సరిగా అన్నం ముట్టడం లేదు. ‘నేను పోతే ఇంట్లోవాళ్లకు పీడా వదులుతుంది’ అన్నాడని తోటి పిల్లలు చెప్పారు. చావు మాట మనమే ఎత్తితే లేనిపోని ఆలోచన పుట్టించినట్టు కాదా? వేరే గదిలో ఒక్కడినే ఉంచమని కొందరంటున్నారు.

జవాబు: అడిగినంత మాత్రాన ఆలోచన పుట్టదు. మిగతా పిల్లలకు వినపడని చోట కూర్చోబెట్టి సూటిగా అడగండి: ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా? ఇదివరకు ఎప్పుడైనా ప్రయత్నించావా? ఇప్పుడు అనిపిస్తోందా?’ అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ ఆత్మహత్య ముప్పును పసిగట్టడానికి తయారుచేసిన ఏఎస్‌క్యూ అనే ప్రశ్నావళిలోనూ ఇలాంటివి నాలుగే ప్రశ్నలు. ఒక్కదానికి ‘అవును’ అన్నా ఐదోది అడుగుతారు: ‘ఇప్పుడు, ఈ క్షణంలో?’ అంతేగానీ ‘పిచ్చి ఆలోచనలేం లేవు కదా?’ అంటే ‘లేవు సార్’ అనే వస్తుంది.

‘ఇప్పుడే’ అంటే మీరు అక్కణ్నుంచి కదలొద్దు. సూపరింటెండెంట్‌కు మరొకరితో కబురు పంపండి, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అంత తక్షణ ప్రమాదం లేదని డాక్టరు తేల్చినా కొన్నాళ్లు కనిపెట్టుకునే ఉండాలి. పదిహేను నిమిషాలు దాటకుండా, ప్రతిసారీ ఒకే ఎడం రాకుండా వెళ్లి చూడండి, మాట్లాడండి. తెల్లారాక గళ్లన్నీ ఒకేసారి నింపే రిజిస్టర్ ఎవరినీ కాపాడదు. డ్యూటీ మారేటప్పుడు కుర్రాడి పేరు, అన్న మాటలు ఉన్నవున్నట్టు తర్వాతివారికి చెప్పి, రాసి ఇవ్వండి.

ఇక వేరే గది సంగతి. వద్దు. అమెరికాలో 1995-99 మధ్య బాలల నిర్బంధ కేంద్రాల్లో జరిగిన 110 ఆత్మహత్యలు లెక్కకొస్తే, వాటిలో 79 లోతుగా పరిశీలించారు. దాదాపు సగం మంది ఆ సమయానికి గదికే పరిమితమై ఉన్నవాళ్లు. పిల్లల్ని ఏకాంత నిర్బంధంలో శిక్షించకూడదని 1990లోనే ఐక్యరాజ్యసమితి నియమాలు చెప్పాయి. కెమెరా ఉందిగా అనకండి, అది పక్కన కూర్చుని మాట్లాడదు. ‘ఇంకెప్పుడూ చేసుకోనని ఒట్టెయ్’ అనిపించుకోవడమూ దండగే. దాని బదులు మనసు బరువెక్కితే ఏం చేస్తాడో, ఎవరిని లేపుతాడో వాడితోనే కాగితం మీద రాయించండి. గదుల్లో, బాత్‌రూముల్లో ఏమేం తీసేయాలో ఇక్కడ రాయం, మానసిక వైద్య బృందాన్ని పిలిచి గదిగదీ చూపించండి.

మొదటి వారం గడిస్తే గండం గడిచిందనుకోవద్దు. బెయిలు తిరస్కరించిన సాయంత్రం, ములాఖత్‌కు ఎవరూ రాని రోజు, గంజాయి మానేసి నిద్రపట్టని రాత్రులు, ప్రేమ వ్యవహారం పోక్సో కేసైనప్పుడు ఆ అమ్మాయి గురించి వచ్చే కబురు... వీటిని ముందే గుర్తుపెట్టుకోండి. విడుదల ముందు రాత్రి కూడా. ఇంటికెళ్లి ముఖం చూపించడమే కొందరికి పెద్ద భయం.

ప్రశ్న: మా అబ్బాయి హోంలో ఉన్నాడు. నిరుడు ఆత్మహత్యాయత్నం చేశాడు. ఈ సంగతి చెబితే కేసు పెడతారా? బెయిలుకు అడ్డొస్తుందా?

జవాబు: చెప్పండమ్మా, అదీ రాతపూర్వకంగా. పాత మందుల చీటీలు కూడా సూపరింటెండెంట్‌కు, ప్రొబేషన్ అధికారికి ఇవ్వండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు.

బెయిలు విషయంలో మీ భయం అర్థంలేనిదేం కాదు. జువైనల్ జస్టిస్ చట్టం 12వ సెక్షన్‌లో, విడుదల వల్ల పిల్లవాడికి మానసిక ప్రమాదం ఉంటే బెయిలు ఆపొచ్చని ఉంది. అందుకే లాయరు, పిల్లల కేసులు విచారించే జువైనల్ జస్టిస్ బోర్డు ముందు ఖాళీ చేతులతో నిలబడకూడదు. ఇంట్లో వాడి వెంట ఎవరుంటారు, ఏ డాక్టరుకు ఏ తేదీన చూపిస్తారు అన్నది రాసిచ్చి చూపాలి. లాయరు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది.

ములాఖత్‌లో ‘పరువు తీశావు’ అనే మాట రానివ్వకండి. మళ్లీ ఎప్పుడొస్తారో కచ్చితంగా రాగలిగిన రోజే చెప్పండి. మీకే మనసు కుదుటపడనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.